ఆమోదం పొందిన ఉప్పెన

2022 డిసెంబరు 23న అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ ఆ ఏటి రక్షణ శాఖ బిల్లు మీద సంతకం పెట్టారు. యుద్ధవిమానాలూ ఓడలూ సైనికుల జీతాలూ ఉండే ఆ వేల పేజీల చట్టంలో ఒకచోట రేవులు, నదులు, తీరాల పనుల చట్టం ఒకటి తగిలించి ఉంది. అందులో ఒక పద్దు టెక్సస్ తీరానిది. గాల్వెస్టన్ అఖాతం మూతికి ఇనుప గేట్లు, వాటికి అటూ ఇటూ మైళ్ల పొడవున ఇసుక దిబ్బలు, గాల్వెస్టన్ ఊరి చుట్టూ అడ్డుగోడ. అంచనా 3,440 కోట్ల డాలర్లు. పని పూర్తయ్యేలోగా పెరిగే ధరలు కూడా కలుపుకుంటే 5,700 కోట్లవుతుందని కట్టాల్సిన ఇంజనీర్లే లెక్కేశారు. ఇంత పనికి అనుమతి ఇచ్చిన ఆ సంతకంతో విడుదలైన సొమ్ము సున్నా.

జీవో వచ్చింది, నిధులు రాలేదు అన్న మాట మనకు కొత్తేమీ కాదు. రంగు వెలిసిన శంకుస్థాపన రాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి. అయితే అమెరికాలో అది ఎవరి అలసత్వమూ కాదు, పద్ధతే అంత. పని చేయవచ్చని చెప్పే చట్టం వేరు, పనికి డబ్బిచ్చే చట్టం వేరు. మొదటిది దొరికిన తీరప్రాంతం రెండోదాని కోసం ఏటా కాంగ్రెస్ గుమ్మం దగ్గర నిలబడాలి. అలా అనుమతి వచ్చి డబ్బు రాని పనుల విలువ ఆ దేశంలో సుమారు పదివేల కోట్ల డాలర్లు.

తుఫాను ఎలా పుడుతుందో, ఎటు తిరుగుతుందో చెప్పే శాస్త్రం గురించి చాలా పుస్తకాలున్నాయి. దాన్ని ఆపే గోడ ఎంత ఎత్తుండాలో ఎవరు, ఎప్పుడు, ఏ లెక్కతో తేలుస్తారన్నది మాత్రం ఎవరూ పెద్దగా రాయరు. నిజానికి అక్కడే శాస్త్రం ఫైలుగా మారుతుంది. మారేటప్పుడు అందులోంచి కొంత రాలిపోతుంది.

టెక్సస్ పద్దుకు మూలం 2008 సెప్టెంబరు 13 తెల్లవారుజామున గాల్వెస్టన్ దగ్గర తీరం దాటిన ఐక్ హరికేన్. గాలి వేగాన్ని బట్టి దానికి ఇచ్చిన స్థాయి రెండు మాత్రమే. అయిదు స్థాయిల కొలమానంలో రెండంటే చాలామంది ఇల్లు కదలరు. కానీ గాల్వెస్టన్‌కు తూర్పున ఉన్న బొలివర్ ద్వీపకల్పం మీదికి 15 నుంచి 20 అడుగుల ఉప్పెన వచ్చింది. అక్కడ వీధులకు వీధులే లేకుండా పోయాయి. దేశం మొత్తం మీద నష్టం సుమారు 3,000 కోట్ల డాలర్లు.

రెండో స్థాయి గాలికి ఇంత నీరెలా లేచింది? ఉప్పెనకు గాలి వేగం ఒక్కటే కొలత కాదు. తుఫాను కన్ను దగ్గర వాయుపీడనం తగ్గుతుంది కాబట్టి అక్కడ సముద్రం కొంత ఉబ్బుతుంది. ఒక మిల్లీబారు తగ్గితే ఒక సెంటీమీటరు లేస్తుందని మోటు లెక్క. ఐక్ లాంటి తుఫానులో అది 60 సెంటీమీటర్లకు మించదు. మిగతాదంతా గాలి నెట్టిన నీరు. అలా నెట్టిన నీరు ఎంత ఎత్తు పేరుకుంటుందన్నది సముద్రపు లోతు మీద ఆధారపడుతుంది. లోతైన చోట పైన నెట్టిన నీరు అడుగునుంచి వెనక్కి జారిపోతుంది. లోతు తక్కువైతే జారడానికి చోటుండదు, మీదికే లేస్తుంది. టెక్సస్ తీరం నుంచి సముద్రం చాలా దూరం దాకా మెల్లగా లోతవుతూ పోతుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి అంత నీరు రావడంలోనూ లోతులేని సముద్రపు పాత్ర ఉంది. అక్కడ కృష్ణా మేటవేసిన మట్టి, టెక్సస్ దగ్గర మిసిసిపీ, బ్రాజోస్ లాంటి నదులు తెచ్చిన మట్టి.

ఐక్ విషయంలో ఇంకో విచిత్రం ఉంది. తుఫాను ఇంకా సముద్రం మీద ఉండగానే, తీరం దాటడానికి 12 నుంచి 24 గంటల ముందే, నీరు దాదాపు రెండు మీటర్లు లేచింది. అప్పటికి గాలి తీరం వైపు వీచడమే లేదు, తీరానికి సమాంతరంగా వీస్తోంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో ప్రవాహాలు కుడికి ఒరుగుతాయి. ఈశాన్యం నుంచి నైరుతికి సాగే ప్రవాహానికి కుడివైపున ఉన్నది టెక్సస్ నేల. ఐక్ ఆకారం మరీ పెద్దది కావడంతో ఆ ఒరుగుడుకు కావలసినంత వ్యవధి చిక్కింది. ఆఖరి నిమిషంలో బయలుదేరుదాం అనుకున్నవాళ్లకు ఆ నిమిషం వచ్చేసరికి రోడ్డే లేదు. ఆ అనుభవం తర్వాత, 2010లో అమెరికా జాతీయ హరికేన్ కేంద్రం తన అయిదు స్థాయిల కొలమానంలోంచి ఉప్పెన ఎత్తుల్ని తీసేసింది. గాలి అంకె చూసి నీటి అంకె చెప్పడం కుదరదని ఒప్పుకున్నట్టే.

గాల్వెస్టన్‌లోని టెక్సస్ ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో బిల్ మెరెల్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు పనిచేసేవారు. ఐక్ వచ్చినప్పుడు ఆయన ఊళ్లోనే, తన భవనంలోనే ఉండి దాన్ని చూశారు. అఖాతంలోకి నీరు వచ్చే దారి ప్రధానంగా ఒకటే కదా, ఆ మూతికే తలుపులు పెడితే లోపలి తీరమంతటికీ విడివిడిగా గట్లు కట్టే పని తప్పుతుంది కదా అన్నది ఆయన ఆలోచన. 2009లో బయటపెట్టారు. నెదర్లాండ్స్ డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు చెయ్యి కలిపారు. దానికి ‘ఐక్ డైక్’ అన్న పేరు స్థిరపడింది. 2009 నుంచి 2022 సంతకం దాకా 13 ఏళ్లు.

ఇదే ఊరు ఒకప్పుడు ఇంకోలా నడుచుకుంది. 1900 సెప్టెంబరు 8 రాత్రి వచ్చిన హరికేన్‌లో గాల్వెస్టన్‌లో 6,000 మందికి తక్కువ కాకుండా చనిపోయారు. 8,000 అన్నది ఎక్కువమంది చెప్పే అంచనా. అమెరికా చరిత్రలో అంతమందిని చంపిన ప్రకృతి వైపరీత్యం ఇప్పటికీ లేదు. అప్పుడు ఊళ్లో అత్యంత ఎత్తైన చోటే సముద్రమట్టానికి తొమ్మిది అడుగుల లోపు. ముగ్గురు ఇంజనీర్లతో సంఘం వేశారు. 1902 అక్టోబరులో గోడ పని మొదలై 1904 జులైలో 17 అడుగుల ఎత్తున, మూడు మైళ్లకు పైగా పొడవున లేచింది. డబ్బు వాషింగ్టన్ నుంచి రాలేదు. కౌంటీ జనం ఓటేసి 15 లక్షల డాలర్ల బాండ్లు అమ్మారు. తర్వాత వందల కొద్దీ ఇళ్లను, చర్చీలను జాకీలతో పైకెత్తి, కింద ఇసుక నింపి, ఊరి నేలనే పెంచారు. ఆ ముగ్గురిలో పెద్దాయన హెన్రీ మార్టిన్ రాబర్ట్. సభల్లో తీర్మానం ఎలా ప్రతిపాదించాలి, ఎవరు బలపరచాలి, సవరణ ఎప్పుడు పెట్టాలి అని అమెరికన్లు ఇప్పటికీ తిరగేసే నియమావళి రాసింది ఆయనే. సభామర్యాదలకు పుస్తకం రాసిన మనిషి గోడను నాలుగేళ్ల లోపే నిలబెట్టాడు!

అయితే ఆ గోడను మరీ ఆకాశానికెత్తడం నాకిష్టం లేదు. 1915 హరికేన్‌కు అది నిలిచింది, నిజమే. కానీ గోడ ముందున్న ఇసుకను అలలు కోసుకుపోయాయి, ఊరికి పేరు తెచ్చిన బీచి సన్నబడిపోయింది. పర్యావరణ ప్రభావం ఏమిటని అప్పుడు అడిగినవాళ్లు లేరు. ఆ ప్రశ్న అడగడం 1970 నుంచి చట్టరీత్యా తప్పనిసరి. ఇప్పటి ఆలస్యంలో కొంత భాగం ఆ ప్రశ్నదే, అడగదగిన ప్రశ్నే.

ఇప్పుడు దారి ఇలా ఉంటుంది. ముందు అధ్యయనం చేయవచ్చని కాంగ్రెస్ చెప్పాలి. అధ్యయనం ఖర్చులో సగం రాష్ట్రమో స్థానిక సంస్థో పెట్టుకోవాలి. సాధ్యతా నివేదిక ముసాయిదా వస్తుంది, జనం అభిప్రాయాలు చెబుతారు, బయటి నిపుణులు పరిశీలిస్తారు. చివరికి ఈ పనులు కట్టే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అధిపతి సంతకంతో నివేదిక కాంగ్రెస్‌కు వెళుతుంది. మూడేళ్లలో, 30 లక్షల డాలర్లలో అధ్యయనం ముగించాలని 2014లో నియమం పెట్టారు. టెక్సస్ తీరానికి అది సరిపోలేదు. 2015లో మొదలైన అధ్యయనం 2021 సెప్టెంబరుకు గానీ అధిపతి సంతకానికి రాలేదు. మధ్యలో 2018 ముసాయిదాలో బొలివర్ మీద మట్టి గట్టు గీసేసరికి ఆ ఊళ్లవాళ్లు భగ్గుమన్నారు. గట్టు ఎక్కడ పడితే దానికి సముద్రం వైపున్న ఇళ్లు రక్షణ బయటే ఉండిపోతాయి మరి. దాంతో గట్టు పోయి, తీరం వెంబడే 43 మైళ్ల ఇసుక దిబ్బలు వచ్చాయి. అఖాతం మూతి దగ్గర ఓడలు వెళ్లే దారికి ఒక్కొక్కటి 650 అడుగుల వెడల్పున రెండు పెద్ద గేట్లు, పక్కన చిన్నవి డజన్ల కొద్దీ. రొయ్యపిల్లలూ చేపపిల్లలూ ఆటుపోట్లతోనే లోపలికి వస్తాయి కాబట్టి, గేట్లు తెరిచి ఉన్నప్పుడు కూడా స్తంభాలు దారిని మరీ ఇరుకు చేస్తాయన్నది మత్స్య శాస్త్రజ్ఞుల ఫిర్యాదు. ఆ ఫిర్యాదుకు తగ్గట్టు నమూనా మార్చి దారిని వెడల్పు చేశారు. అభిప్రాయాలు చెప్పమనడం ఉత్త తంతు కాదనడానికి ఈ రెండూ సాక్ష్యం.

ఈ దారంతటికీ వెన్నెముక లాంటిది ఒకటుంది. 1936 వరద నియంత్రణ చట్టంలోని ఒక నియమం: ఎవరికి చేరినా సరే, కలిగే ప్రయోజనం అయ్యే ఖర్చును మించాలి. మన సాగునీటి శాఖలో బీసీ రేషియో అనేది ఇదే. వినడానికి న్యాయంగానే ఉంది. లెక్క వేయడంలోనే అసలు సంగతి ఉంది.

మొదటిది ఆస్తి విలువ. గోడ వల్ల తప్పే నష్టం ఎక్కువగా ఆస్తి నష్టం. ఇంటి ఖరీదు పెరిగేకొద్దీ దాన్ని కాపాడటం వల్ల వచ్చే ‘ప్రయోజనం’ పెరుగుతుంది. కూలీలు ఉండే వాడకూ కోటీశ్వరులు ఉండే వాడకూ ఒకే ఎత్తు ఉప్పెన వస్తే, కాగితం మీద నష్టం రెండో వాడదే పెద్దది. అఖాతం లోపల హ్యూస్టన్ నౌకామార్గం వెంబడి ఉన్న చమురు శుద్ధి కర్మాగారాలు లేకపోతే టెక్సస్ లెక్క ఇంత సులువుగా గట్టెక్కేదా అన్నది నా అనుమానం.

రెండోది కాలం. యాభై ఏళ్ల తర్వాత తప్పే నష్టాన్ని ఈనాటి డబ్బులోకి మార్చాలి కదా, దానికో వడ్డీ రేటు కావాలి. యాభయ్యో ఏట తప్పే 100 డాలర్ల నష్టానికి, రేటు 2.5 శాతమైతే నేటి విలువ 29 డాలర్లు. 7 శాతమైతే 3 డాలర్ల 40 సెంట్లు. గోడ అదే, సముద్రం అదే, మనుషులూ వాళ్లే. రేటు మారితే కట్టదగిన గోడ కట్టకూడని గోడ అయిపోతుంది. ఈ రేటును తేల్చేది సముద్ర శాస్త్రజ్ఞులు కాదు.

మూడోది ‘వందేళ్ల తుఫాను’. ఈ పేరు విన్న మనిషి వందేళ్లకోసారి వస్తుందనీ, నిరుడు వచ్చింది కాబట్టి ఇక నిశ్చింత అనీ అనుకుంటాడు. దాని అర్థం ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. ఇంటి అప్పు తీర్చే ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. పైగా ఈ నూటికొకటి అన్న అంకె కూడా పాత రికార్డుల నుంచి తీసిందే. రికార్డు వందా నూట యాభై ఏళ్లకు మించి లేదు.

అంకెను చట్టంలో బిగించేస్తే ఏమవుతుందో న్యూ ఆర్లీన్స్ చూపించింది. 1965 సెప్టెంబరులో బెట్సీ హరికేన్ ఆ ఊరిని ముంచింది. ఏడు వారాలు తిరక్కుండానే, అక్టోబరు 27న, పాంచర్‌ట్రేన్ సరస్సు చుట్టుపక్కల హరికేన్ రక్షణ పథకానికి చట్టం వచ్చేసింది. అంచనా 8.5 కోట్ల డాలర్లు, పదమూడేళ్లలో పూర్తి. తట్టుకోవలసిన తుఫాను ఎలాంటిదో వాతావరణ శాఖ 1959లో తయారుచేసిన ప్రామాణిక హరికేన్ చెప్పింది. 1969లో కామీల్ వచ్చి తుఫానులు అంతకన్నా బలంగా ఉండగలవని చూపించింది. వాతావరణ శాస్త్రజ్ఞులు తమ ప్రామాణికాన్ని సవరించుకున్నారు. ఇంజనీర్లు 1965 అంకెల్ని వదల్లేదు. వదిలితే నమూనా మారుతుంది, అంచనా మారుతుంది, మళ్లీ కాంగ్రెస్‌కు వెళ్లాలి, అప్పటిదాకా సాగుతున్న పని ఆగుతుంది. కట్టేదేదో కట్టేద్దాం అన్నది వాళ్ల ఆలోచన. వాళ్లను మూర్ఖులనడం తేలిక గానీ, ఆ కుర్చీలో కూర్చుంటే మనలో ఎంతమంది పని ఆపించేవాళ్లం?

మొదటి నమూనాలో సరస్సు మూతులకు గేట్లున్నాయి. పర్యావరణ నివేదిక సరిగా లేదని 1977 చివర్లో ఫెడరల్ కోర్టు ఆపింది. సరైన నివేదికతో మళ్లీ వెళ్లే బదులు, ఇంజనీర్లు 1980లలో గేట్లనే వదిలేసి కరకట్టల్ని ఎత్తు చేసే పథకానికి మారారు. ఈలోగా నేల కుంగుతోంది. ఎత్తులు కొలిచే బెంచిమార్కు రాళ్లు కూడా దానితోపాటే దిగాయి. దిగాయని తెలిసినా పాత అంకెలే వాడారు. 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ వచ్చేనాటికి కొన్ని గోడలు చట్టం చెప్పిన ఎత్తుకు దాదాపు రెండడుగులు తక్కువగా ఉన్నాయి. 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువ గోడలైతే నీరు అంచు దాటకముందే కూలాయి. అది ఎత్తు తక్కువై జరిగింది కాదు, పునాది నేలను తప్పుగా అంచనా వేయడం వల్ల జరిగింది. 1978కల్లా అయిపోవాల్సిన పథకం 2005కు కూడా పూర్తి కాలేదు. అంచనా అప్పటికి 73.8 కోట్లకు చేరింది, పూర్తయ్యే తేదీ 2015కు జరిగింది.

వెయ్యి మందికి పైగా చనిపోయాక కాంగ్రెస్ 1,450 కోట్ల డాలర్ల మేర నిధులిచ్చింది. ఏటేటా ముష్టి వేసినట్టు కాకుండా ముందుగానే ఇచ్చింది. పర్యావరణ పరిశీలనను ముక్కలుగా విడగొట్టి త్వరగా చేసే వెసులుబాటూ ఇచ్చారు. బోర్న్ సరస్సు వైపు 1.8 మైళ్ల పొడవున, 26 అడుగుల ఎత్తున అడ్డుగోడ కొన్నేళ్లలోనే లేచింది. 2021లో, సరిగ్గా ఆగస్టు 29నే, ఐడా వచ్చినప్పుడు ఆ వ్యవస్థ నిలిచింది. నలభై ఏళ్లలో పూర్తికానిది అంత వేగంగా ఎలా అయిందంటే, ఇంజనీరింగ్ మారి కాదు, డబ్బు వచ్చే తీరు మారి.

డచ్చివాళ్ల పద్ధతి వేరు. 1953 ఫిబ్రవరి 1 ఉప్పెనలో నెదర్లాండ్స్‌లో 1,836 మంది పోయారు. మూడు వారాల్లో డెల్టా కమిషన్ కూర్చుంది, 1958లో చట్టం వచ్చింది. ఆ మధ్యలో డేవిడ్ వాన్ డాంట్‌జిగ్ అనే గణితవేత్త గట్టును ఒక్కో అడుగు పెంచేకొద్దీ అయ్యే ఖర్చును, తగ్గే ముప్పును పక్కపక్కన పెట్టి, రెండూ కలిపి ఎక్కడ అతి తక్కువవుతాయో సమీకరణంతో చూపించాడు. జనం ఎక్కువగా ఉన్న హాలండ్ తీరానికి పదివేల ఏళ్లకోసారి వచ్చే ఉప్పెనను ప్రమాణంగా పెట్టారు. అమెరికాలో ఫలానా గోడకు అనుమతి ఉంటుంది. అక్కడ ఫలానా భద్రతకు చట్టం ఉంటుంది, గోడ దానికి తగ్గట్టు మారుతుంది. నేల కుంగినా సముద్రం లేచినా ఎత్తు పెంచడానికి మళ్లీ పార్లమెంటును బతిమాలక్కర్లేదు. డెల్టా నిధికి ఏటా వంద కోట్ల యూరోలకు పైగా చేరుతుంది. దేశంలో సగానికి పైగా నేలకు వరద ముప్పు ఉన్నవాళ్లకు ఇది రాజకీయంగా సులువే. హ్యూస్టన్ గోడకు మంచుకొండల మొంటానా సెనేటరు ఓటేయడం అంత సులువు కాదు. పోలిక చెప్పేటప్పుడు ఈ తేడాను దాచకూడదు.

గాల్వెస్టన్ దగ్గర కుంగుడు చిన్నదేమీ కాదు. భూగర్భ జలాలు తోడేయడంతో బేటౌన్‌లోని బ్రౌన్‌వుడ్ అనే కాలనీ ఎంతగా దిగిందంటే, 1983లో అలీషియా హరికేన్ తర్వాత దాన్ని ఖాళీ చేసేశారు. ఇప్పుడది పక్షులు చూడటానికి వెళ్లే చోటు. గాల్వెస్టన్ రేవులో వందేళ్లకు పైగా నీటి మట్టం కొలుస్తున్నారు. నేల కుంగడమూ సముద్రం పెరగడమూ కలిసి ఏటికి ఆరు మిల్లీమీటర్లకు మించి తేడా. 2009లో ఆలోచన పుట్టి 2022లో అనుమతి వచ్చేలోగా ఎనిమిది సెంటీమీటర్లు అలా పోయాయి. ఇప్పటి నమూనా కూడా పెద్ద తుఫానుకు చాలదని రైస్ విశ్వవిద్యాలయం నిపుణులు అంటున్నారు. అఖాతం లోపల ఇంకో గట్టు కావాలన్నది వాళ్ల వాదన.

హ్యూస్టన్ శివార్లలో కేటీలోనో షుగర్‌ల్యాండ్‌లోనో ఉన్న మన తెలుగు కుటుంబాలు ఐక్ డైక్ వస్తే ఇక మాకు మునక లేదు అనుకోవడానికి లేదు. 2017లో హార్వీ హరికేన్ వాళ్ల ఇళ్లలోకి తెచ్చింది వాన నీరు. సముద్రానికి తలుపేస్తే వాన ఆగదు.

ఆ హార్వీ వల్లే ఒక వింత జరిగింది. విపత్తు తర్వాత కాంగ్రెస్ 2018 ఫిబ్రవరిలో అత్యవసర నిధులు ఇచ్చింది. అందులోంచి సుమారు 390 కోట్ల డాలర్లు టెక్సస్‌లోనే పోర్ట్ ఆర్థర్, ఆరెంజ్ కౌంటీ, ఫ్రీపోర్ట్‌ల ఉప్పెన గోడలకు వెళ్లాయి. వచ్చింది వాన వరద, డబ్బు దొరికింది ఉప్పెన గోడకు. కారణం ఒక్కటే: ఆ పథకం నివేదిక 2017 డిసెంబరుకల్లా సంతకమై సిద్ధంగా ఉంది. గాల్వెస్టన్ అఖాతం గేట్ల అధ్యయనం అప్పటికి సగంలో ఉంది కాబట్టి వాటికేమీ రాలేదు. 2021లో రాష్ట్రం ఈ పనికోసం ప్రత్యేక జిల్లా సంస్థను ఏర్పాటు చేసింది, ఆ తర్వాత తన వాటాగా 50 కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. నిర్మాణంలో 65 శాతం భరించాల్సిన కేంద్రం నుంచి 2024లో వచ్చిన మొదటి సొమ్ము 5 లక్షల డాలర్లు. కాంగ్రెస్ మిగతాది ఎప్పుడిస్తుందని అడిగితే గాల్వెస్టన్‌లో చాలామంది చెప్పే జవాబు ఒకటే: ఇంకో ఐక్ వచ్చాక.